సరళరేఖలో దిగని నీళ్ళు

ఈ బడిలో పదో తరగతి ఆడపిల్లలు పొద్దున వచ్చింది మొదలు ఇంటికి వెళ్ళేదాకా గుక్కెడు నీళ్ళు తాగరని మీకందరికీ తెలుసు. తెలిసీ ఊరుకున్నారు. ఈ మాట ముందు అనేసి తర్వాత నమస్కారాలు చెప్పుకుంటాను, వరస తప్పినందుకు పెద్దలు మన్నించాలి. సభాధ్యక్షులకు, ప్రధానోపాధ్యాయుల వారికి, తల్లిదండ్రుల సంఘానికి, తోటి ఉపాధ్యాయులకు, అదిగో వెనక వరసలో కూర్చుని తొందరగా ముగించమని సైగ చేస్తున్న మావారికి, నమస్కారం. (నవ్వులు)

ఇన్నేళ్ళూ నేను ప్రమేయాలు చెప్పాను. పేరు చూసి పిల్లలు జడుసుకుంటారు గానీ, ఒకటి మారితే దాన్ని పట్టుకుని రెండోది ఎలా మారుతుందో చెప్పే లెక్క అది, అంతే. పుస్తకంలో ఒక నీళ్ళ తొట్టి ఉంటుంది, ఎవరి దాహంతోనూ పని లేకుండా గంటగంటకూ సమానంగా ఖాళీ అవుతుంది, గ్రాఫు గీస్తే చక్కటి సరళరేఖ వస్తుంది. ఈ ఏడు ఒక అమ్మాయి లేచి, "టీచర్, మన ట్యాంకు కూడా ఇలాగే ఖాళీ అవుతుందా?" అంది. కొలిచి చూడమన్నాను. గంటకోసారి కర్ర ముంచి ఎత్తు చూసుకుని, ఆడపిల్లలంతా కలిసి గ్రాఫు గీశారు. ఆ గీత కాసేపు మెల్లగా దిగి, రెండో పీరియడులో నూతిలో పడ్డట్టు పడిపోయింది. మధ్యాహ్నానికి అడుగంటింది. ఆ రెండో పీరియడులోనే కదండీ ఆఫీసు ముందు గులాబీలకు గొట్టం తిప్పేది!

హెడ్మాస్టారు గ్రాఫు చూసి, "ఏంటమ్మా ఇది? పుస్తకంలో గీత తిన్నగా ఉంటే మీ పిల్లలు గోతిలోకి తోసేశారేం?" అన్నారు.

"నీళ్ళు అలాగే దిగాయండీ."

"నీళ్ళకేం తెలుసమ్మా లెక్కలు! సరిచేయించండి." (నవ్వులు)

నవ్వకండి. ఆరోజు నేనూ నవ్వాను. జవాబు పుస్తకంతో కలవలేదని పిల్లల ప్రాజెక్టు మార్కులు కొట్టేశాక నవ్వు ఎండిపోయింది. గ్రాఫు గీసిన అమ్మాయి నన్నే ఓదార్చింది: "పోనీలెండి టీచర్, తిన్నగా గీసి ఇచ్చేస్తాం. మేమెలాగూ నీళ్ళు తాగం కదా!"



కళ్ళారా చూసినదాన్ని చెరిపేసి పెద్దలకు నచ్చిన గీత గీయడం నేర్పడానికా మనకు జీతాలు? అది చదువు కాదండీ, లొంగుబాటు. అర్జీలు పెట్టాను, కమిటీలో మొత్తుకున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సైన్సు మాస్టారూ, తల దించుకోకండి, "ఎందుకమ్మా తలనొప్పి, సర్వీసయ్యేదాకా నెట్టుకురా" అని మీరు ప్రేమగానే అన్నారు. నెట్టీ నెట్టీ భుజాలు పడిపోయాయి నాయనా. ఇంకా సర్వీసు ఉండగానే ఉద్యోగం మానుకుంటుంటే, అలిగి పోతోందని చెప్పుకుంటున్నారట. అలగడానికి కూడా ఓపిక కావాలి. నా దగ్గర అది అయిపోయింది. పైగా వచ్చే ఏడు నుంచి పిల్లల చేత కొలతలు, గ్రాఫులు వద్దట, పుస్తకంలో లెక్కలు చాలట. తొట్టి గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు గానీ ట్యాంకు మూత తీయకూడదన్నమాట.

ఇందాక నా ఓర్పు గురించి అందరూ చాలా మంచి మాటలు చెప్పారు. కృతజ్ఞతలు. కానీ ఆ ఓర్పే నేను చేసిన పెద్ద పొరపాటని ఇక్కడ నిలబడ్డాక అనిపిస్తోంది. నాకు కానుకలేమీ వద్దు. ఇవ్వదలిస్తే ఇవి ఇవ్వండి, చదివేసి సెలవు తీసుకుంటాను.

తోట గొట్టం బడి విడిచాకే తిప్పాలి.

కొట్టేసిన మార్కులు తిరిగి వేయాలి.

ప్రమేయాల పాఠంలో పిల్లలు తమ చుట్టూ ఉన్నదాన్నే కొలవాలి, వచ్చిన గీతను ఎవరూ దిద్దకూడదు.

ఆడపిల్లల మరుగుదొడ్లలో చివరి గంట కొట్టేదాకా నీళ్ళుండాలి.