దస్తగిరి కారు నీలంపొగ

దస్తగిరని ఒకడుండేవాడు మా బోడిమిట్టలో. డ్రైవరు. ఊరికంతటికీ ఒకటే కారు, ఆ కారుకి ఒకడే డ్రైవరు. కారు వాడిది కాదులే, పేరిరెడ్డిది. రెడ్డి వాళ్ళ నాయన కొన్నాడు, తెల్లది, బుర్రముక్కుది, మేం తెల్లమ్మ అనేవాళ్ళం. పేరుకే రెడ్డిది అనుకో, కడిగేదీ తుడిచేదీ, దానికి సుస్తీ చేస్తే పక్కన కూచునేదీ దస్తగిరే. పెళ్ళాం పొయ్యి ఎన్నేళ్ళయిందో, పిల్లా జెల్లా లేరు, రెడ్డి కొట్టంలో మంచమేసుకుని ఉండేవాడు. పురుడొచ్చినా తెల్లమ్మే, పాము కరిచినా తెల్లమ్మే, పెళ్ళికొడుకు ఊరేగాలన్నా తెల్లమ్మే. నా పెద్దపిల్ల ఆ కార్లోనే పుట్టింది, రాళ్ళవాగు దాటీ దాటంగానే, వెనక సీట్లో. దస్తగిరి కారాపి, మొగం అటు తిప్పుకుని, పిల్ల ఏడుపు ఇనపడేదాకా వాగు గట్టున కూచుని దువా చేస్తానే ఉన్నాడు. ఏమే కాంతమ్మా, నోరు తెరుచుకుని నా వొంక చూస్తావేంది, ఆ చింతకాయలు కొట్టు. చేతులు ఆడాల, చెవులు ఇనాల.

మన ఊరు మిట్ట కదా. రెడ్డి ఇంటికాణ్ణించి చేదబావి దాకా ఏటవాలు. ఒకప్పుడు ఆ కారుకి సెల్ఫు చెడిపోయింది. తాళం తిప్పితే కీచుమని ఊరుకునేది. అప్పుణ్ణించి దస్తగిరి ఏంజేసేవాడంటే, పొద్దుగూకంగానే కారుని మిట్ట మీద ముక్కు కిందికి పెట్టి, టైరు కింద ఒక రాయి పెట్టేవాడు. తెల్లారి మేం ఆడోళ్ళం బిందెలెత్తుకుని బావికి పోతామా, "అమ్మా, ఒక చెయ్యి" అనేవాడు. బిందెలు దించి నలుగురం వెనక చెయ్యేసేవాళ్ళం. రాయి లాగేసి వాడెక్కి కూచుంటే, కారు దొర్లతా దొర్లతా పొయ్యి, బావి మలుపుకాడ ఒక్క ఉలుకు ఉలికి పట్టుకునేది. తోసేదాని ముందు ఎన్ని మాటలని! ఎవురింట్లో ఏం కూర, ఎవురి కోడలు అలిగింది, ఎవురి బర్రె ఈనింది. "అంకమ్మా, మీ ఆయనకి దగ్గు తగ్గిందా?" అని కిటికీలోంచి తల బయటపెట్టి అడిగేవాడు. ఆరేడేళ్ళు తోశాం అట్టా. మాకది కళ్ళాపి చల్లినంత మామూలు పని.

ఏమైందంటే, ఒక చలికాలం ఆ తెల్లమ్మ పొద్దున్నే పొగ వదలడం మొదలెట్టింది. ఇంత అంత కాదు, వెనక తోసేవాళ్ళం తోసినట్టే చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్ళం. బీడీ ఒకటి కాల్చేంతసేపు పొగ, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు శుభ్రంగా పోయేది. వారం వారం పొగ ఎక్కువైంది. రెడ్డి వాళ్ళమ్మ పెద్దావిడ, వసారాలో కూచుని దగ్గతా "ఆ దయ్యాన్ని ఊరు దాటించరా" అనేదంట. రెడ్డి దస్తగిరిని టౌనుకి తోలాడు, చూపించుకురమ్మని. పన్నెండు మైళ్ళు పొయ్యేలోపల దానికి పొగేడుంటది? దయ్యం పట్టిందని తీసకపోతే మంత్రగాడి ముందర నవ్వతా కూచునే పిల్ల మాదిరి, ఒక్క చుక్క పొగ రాలా అక్కడ. ఆ షెడ్డువాడు మీటరు చూశాడంట. అది లక్ష తిరిగి సున్నాకొచ్చి, మళ్ళీ లక్ష తిరిగింది. "ఇంకేముంది సాయిబూ, ఇంత తిరిగినాక రింగులు పోకేం చేస్తయి, ఇంజను మొత్తం విప్పి బోరు కొట్టించాల" అన్నాడంట, మూత కూడా తెరవకుండానే. రెడ్డి ఇన్నాడు. ఆ ఖర్చుకి కాడెద్దులొస్తయి, పాత ఇనప సామాన్ల లారీ శుక్రవారం వస్తది, ఇచ్చేస్తా, నువ్వు మోటారు షెడ్డుకాడ కాపలా ఉండు దస్తగిరీ, అన్నాడు.

దస్తగిరి ఆ పూట కూడు తిన్లా. నేను రేవుకి పోతా చూశాను, కారు పక్కన గొంతుక్కూచుని, ఆ తెల్లటి తలుపుని చేత్తో నిమరతా ఉన్నాడు. నా బిడ్డ పుట్టిన కారమ్మా అది! "దస్తగిరన్నా, ఏసోబు మేస్త్రిని అడగరాదా?" అన్నాను. ఏసోబంటే పామూరు రోడ్డు లారీ షెడ్లలో ముప్పై ఏళ్ళు చేసినవాడు, కళ్ళు పొయ్యి మా ఊళ్ళో చెల్లెలింట చేరాడు. మనిషి అడ్డమొస్తే నీడ మాదిరి కనపడతాడు, అంతే. దస్తగిరి నవ్వాడు, ఏడుపు నవ్వు. "పొగ కనపడనోడు పొగ సంగతి ఏం చెప్తాడు తల్లీ?" అన్నాడు. అన్నాడేగాని, మంగళవారం పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసకొచ్చాడు. పీకల్దాకా మునిగినోడికి చలేంది.

మేం బిందెలతో వచ్చేసరికి మేస్త్రి బానెట్టు ఎత్తించి ఉన్నాడు. రెడ్డీ ఉన్నాడు, చేతులు కట్టుకుని. ఇంజను ఇంకా చల్లగానే ఉందా, ఎవురూ ముట్టుకోలేదు కదా అని మూడుసార్లు అడిగాడు మేస్త్రి. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఒక్కోదాన్ని వేలిమీద రుద్దాడు, ముక్కుకాడ పెట్టుకున్నాడు. ముందరి రెండూ ఒకపక్క పెట్టాడు, వెనక రెండూ ఒకపక్క పెట్టాడు. ఏందయ్యా అంటే చెప్పడు. మళ్ళీ బిగించి, "సెల్ఫు కొట్టు దస్తగిరీ" అన్నాడు. దస్తగిరి "అది... అది పలకదు మేస్త్రీ, తొయ్యాల" అని నీళ్ళు నమిలాడు. మేస్త్రి తడుముకుంటా పొయ్యి, కిటికీలో చెయ్యి పెట్టి, తాళం తిప్పాడు. గిర్రుమని పట్టుకుంది! మేం బిందెలు పట్టుకుని బొమ్మల మాదిరి నిలబడిపోయాం. దస్తగిరి నేల చూపులు చూస్తన్నాడు. తిట్టేదానికి నోరు తెరిచానా, పొగొచ్చి నోట్లో పడింది.

"రంగు చెప్పండి" అన్నాడు మేస్త్రి. రెడ్డి నలుపన్నాడు. నలుపైతే పెట్రోలు ఎక్కువ తాగతన్నట్టు, అదేమంత రోగం కాదు అన్నాడు మేస్త్రి. దస్తగిరి గబగబా తెలుపు తెలుపు అన్నాడు, మంచుకాలం కదా ఆవిరి అన్నాడు. ఆవిరైతే వాసనుండదు, ఇది ముక్కు మండతంది అన్నాడు మేస్త్రి. నేనుండబట్టలేక ముందుకొచ్చాను. తెలుపేదో నీలమేదో నాకు చెప్తారా? పుట్టిన కాణ్ణించి ఊరి బట్టలు ఉతికినదాన్ని. "నీలం మేస్త్రీ, నీలిమందు చాలీచాలకుండా కలిపిన నీళ్ళ రంగు" అన్నాను. మేస్త్రి నా వొంక తిరిగి "తెల్ల గుడ్డ ఉందా అమ్మీ?" అన్నాడు. రేవుకని తెచ్చుకున్న బట్టల మూటలో చెయ్యి పెట్టి దొరికింది ఇచ్చాను. దాన్ని తీసకపొయ్యి పొగగొట్టానికి అడ్డం పెట్టించాడు. చుక్కలు చుక్కలుగా మరకలు. నీళ్ళు చల్లి చూశాను, నీళ్ళు నిలవలా, జారిపోయినయ్. "నూనె మరక" అన్నాను. "నా పంచె!" అన్నాడు రెడ్డి. నిజమే, ఆయన పంచే. "మరక సంగతి నాకొదిలెయ్యి రెడ్డీ, కారు సంగతి ఆయనకొదిలెయ్యి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట నేనేనా అన్నది అనిపిస్తది.

నూనె కాలతందంటే రింగులు అరిగినట్టేగా అన్నాడు రెడ్డి. ఆగమన్నాడు మేస్త్రి. ఇంజను ఆడతా ఉండంగానే నూనె పోసే మూత తీసి, బొక్క మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు లేనోడు కళ్ళు మూసుకునేదేందో! "రింగులు పోతే ఇక్కడ చేతిని తోస్తది, నిద్రపొయ్యే బిడ్డ ఊపిరి మాదిరి ఉందయ్యా ఇది" అన్నాడు. ఆపైన మమ్మల్ని ఆరుగుర్ని కార్లో కుక్కించి, కొండ దారి ఎక్కించమన్నాడు, రెడ్డిని అద్దంలోంచి వెనక్కి చూడమన్నాడు. రింగులు పోయిన బండి బరువుతో ఎత్తెక్కితే పొగే పొగంట. ఎక్కాం. పొగ లేదు. దిగాం. పొగ లేదు.

అప్పుడు మేస్త్రి మెల్లిగా అడిగాడు. "దస్తగిరీ, ముందరి రెండు ప్లగ్గులే నూనెతో తడిశాయి, వెనకవి పొడిగా ఉన్నయి. బండి పడుకునేది యాడ? ముక్కెటు?" కిందికి, అన్నాం మేమందరం. "అదీ! వాల్వు మెడకి రబ్బరు గాజు ఒకటుంటది, పాతబడి బిరుసెక్కింది. సమంగా నిలబెడితే కారేది కొంచెమే. మీరు తలకిందులుగా పెడితే ఉన్న నూనంతా ముందరికొచ్చి, తెల్లార్లూ చుక్క చుక్క లోపలికి దిగతంది. పొద్దున ఆ దిగిందంతా కాలి పొగైపోతంది. గాజులు మారిస్తే చాలు. ముందు రెండ్రోజులు కళ్ళంలో సమంగా పెట్టి చూడండి" అన్నాడు. అని, "సెల్ఫు ఇంత బాగుంటే ఏటవాల్లో ఎందుకు పెడతన్నావు?" అన్నాడు.

దస్తగిరి నిజం కక్కాడు. సెల్ఫు బాగుచేయించి నాలుగేళ్ళయిందంట! నాలుగేళ్ళు మా చేత ఊరికే తోయించాడు. మాతోపాటు రోజూ తోసే మా యల్లమ్మత్త చీపురు తీసకొచ్చేదే. "నడుములు ఇరగ్గొట్టుకున్నాం గదరా సచ్చినోడా, ఎందుకు చెప్పలా?" అంది. వాడేమన్నాడో తెలుసా. "చెప్తే మీరు రారుగా వదినా. రోజంతట్లో నాతో నలుగురు మాట్లాడేది అప్పుడే" అన్నాడు. అంతే అన్నాడు. యల్లమ్మత్త వెనక్కి తిరిగింది. బిందెత్తుకుని ఎల్లిపోయింది. నేనూ ఎల్లిపోయాను, ఏడుపొస్తంటే అక్కడేం నిలబడను?

బుధవారం పొద్దున కళ్ళంలో తాళం తిప్పితే, ఊదొత్తి పొగంత వొచ్చి ఆరిపోయిందంట. రెడ్డి సొంత కళ్ళతో చూశాడు. శుక్రవారం లారీ వొస్తే, ఇనుం లేదు ఏం లేదు పొమ్మన్నాడు. కారు నిలిచింది. ఊరంతా సంబరమే. దస్తగిరి మాత్రం, గురువారం పొద్దున కళ్ళంలో ఒక్కడే నిలబడి అద్దం తుడిచిందే తుడస్తన్నాడు. ఇంక ఏటవాలు లేదు, రాయి లేదు, "అమ్మా, ఒక చెయ్యి" లేదు. కారు దక్కింది, పలకరింపు పోయింది. నేను దూరాన్నుంచి చూస్తన్నా. ఇంతలో ఎవురొచ్చారనుకున్నారు? యల్లమ్మత్త! బావి అటుంటే, బిందె చంకనేసుకుని ఇటు కళ్ళంలోకి నడిచొచ్చింది. బిందె దించింది. కారు వెనక రెండు చేతులూ ఆనించింది. "ఏం చూస్తన్నావురా, ఎక్కు. తొయ్యకపోతే నాకు తెల్లారినట్టుండదు" అంది. ఆమె ఎనకాల నేను, నా ఎనకాల ఇంకో ఇద్దరు. సెల్ఫు కొట్టాడు, పట్టుకుంది, అయినా కళ్ళం చివరిదాకా తోసుకుంటానే పోయాం. వాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు గాని, ఆ పూట ఎవురి దగ్గూ అడగలేకపోయాడు.

ఆ రబ్బరు గాజులు మార్పించినాక తొమ్మిదేళ్ళు తిరిగింది ఆ కారు. దస్తగిరి చచ్చిపోయిన రోజు కూడా, వాణ్ణి అందులోనే తీసకపోతంటే, అది స్టార్టయినాక మేం తోశాం. ఇప్పుడు ఊళ్ళో ఇరవై కార్లున్నయి. ఒక్కదానికీ పొగ రాదు, మనిషొచ్చి కూచుంటాడు, అద్దం ఎక్కించుకుంటాడు, చప్పుడు లేకుండా పోతాడు. మంచి కార్లే, కాదన్ను. కాకపోతే ఎవురింట్లో ఏం కూరో ఎవురికీ తెలవటల్లా. ఆ పంచె మరకంటారా? పోలా. మూడుసార్లు ఉబ్బలో పెట్టి ఉడికించినా పోలా. రెడ్డి అది కట్టుకునే తిరిగాడు, అడిగినోళ్ళకి కారు కథ చెప్పుకుంటా. ఇంక లేవండి, చింతపండు ఎండలో పొయ్యాల. ఆ గంప బరువుగా ఉంది గాని, కాంతమ్మా, ఒక చెయ్యి.