స్ట్రక్టులకు మాత్రమే

ఏడుపు ఆపరా ముందు! అద్దాల గది ఇది, మన వంటిల్లు కాదు. ఆఫీసంతా చూస్తోంది.

ఏంటీ? "కంపైలర్ ఏమీ అనలేదక్కా" అంటావా? అబ్బో! కోడ్‌లో తప్పులు పట్టే ఆ ప్రోగ్రాం నీకు మేనత్తా, చెయ్యి పట్టుకుని ఆపడానికి?

నువ్వు చేరిన రోజే చెప్పానా లేదా? ఆసుపత్రి యాప్ రా ఇది. పంపు ఎంత వేగంగా మందు ఎక్కించాలో ఒక్కో మంచానికీ నర్సులు దీంట్లోనే పెడతారు. ఆ సెట్టింగులు దాచే జెనరిక్ పెట్టె, అంటే ఏ రకం డేటా అయినా పట్టే కోడ్, రాసింది నేను. డేటాని కోడ్‌లో రెండు రకాలుగా కట్టొచ్చు, స్ట్రక్టుగానో క్లాసుగానో; దాంట్లోకి స్ట్రక్టులే రావాలి. స్ట్రక్ట్ అయితే ఎవరి కాపీ వాళ్ళది. క్లాస్ అయితే చూడ్డానికి రెండు, ఉన్నది ఒక్కటే. ఇక్కడ మారిస్తే అక్కడా మారుతుంది. పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను కదరా!

ఏం చేస్తాం, మనం కోడ్ రాసే స్విఫ్ట్ భాషలో "క్లాసులే రావాలి" అనడానికి మాట ఉంది. "స్ట్రక్టులే రావాలి" అనడానికి లేదు. అందుకే ఖాళీ ప్రోటోకాల్ ఒకటి, ఉత్త చీటీలాంటిది, పెట్టి, పైన రాశాను: స్ట్రక్టులకు మాత్రమే తగిలించండి అని. అది గుర్తేగానీ తాళం కాదు. క్లాసుకి తగిలించినా కంపైలర్ ఊరుకుంటుంది. మనిషన్నవాడు చదవాలి.

మరి తమరేం చేశారు? ఒకే మంచం సెట్టింగు చూపించే రెండు స్క్రీన్లూ ఒకేసారి మారాలని ఆ స్ట్రక్టుని తీసి క్లాస్ చేశారు. గుర్తు మాత్రం అలాగే ఉంచారు. ఎంత తెలివి! అమ్మ నిన్ను చూసి ఊరికే మురిసిపోతుందా?

అక్కడ ఆసుపత్రిలో ఒక నర్సు నాలుగో మంచం సెట్టింగుని కాపీ చేసి ఐదో మంచానికి పెట్టింది. ఐదోదానికి వేగం పెంచింది. నాలుగోదానికీ పెరిగింది. అక్కడ పడుకున్నది ఒక టైలరమ్మ. మందు ఎక్కువైపోయి, ఇప్పుడు సొంత కూతురు పక్కన కూర్చుంటే "ఎవరమ్మా నువ్వు?" అంటోందట.

"నేను ఐదో మంచమే ముట్టుకున్నాను" అని నర్సు మొత్తుకుంటూనే ఉందట. ఎవరు నమ్ముతారు? సస్పెండ్ చేశారు.

ఏంటీ, నిజం చెప్పేస్తావా? కూర్చో. కూర్చోమన్నానా!

నీకేం పోతుంది? ఇవాళ కాకపోతే రేపు ఇంకోచోట చేరతావు. నిన్ను తెచ్చిపెట్టింది నేనని ఇక్కడ అందరికీ తెలుసు. పోయేది నా పరువు. నీ క్లాసుని పొద్దున్నే మళ్ళీ స్ట్రక్ట్ చేసేశాను. పెట్టెలోకి ఏ క్లాస్ వచ్చినా టెస్టులోనే యాప్ ఆగిపోయేలా ఒక్క లైన్ రాశాను. ఆసుపత్రికి "చిన్న చిన్న మెరుగులు" అని పంపించాం. అయిపోయింది.

ఆ ఒక్క లైన్ ముందే ఎందుకు రాయలేదంటావా?

ఓహో, నోరు లేస్తోందే! రాయలేదు. డెమో మధ్యలో యాప్ ఆగిపోతే నామోషీ అని రాయలేదు. చాలా? పో, వెళ్ళి అదీ చెప్పుకో. అక్క మీద తమ్ముడు చెప్పే మాట ఎవరు వింటారో చూస్తాను.

మొహం తుడుచుకో. కాలర్ సరిచేసుకో.

ఆ నర్సు కింద రిసెప్షన్లో కూర్చుంది. "యాప్ రాసినాయన్ని ఒక్కసారి చూపించండి, ఆయనైతే చెప్తారు" అంటోంది. వెళ్ళి, యాప్‌లో ఏ లోపమూ లేదమ్మా అని చెప్పిరా. నేను చెప్తే నమ్మలేదు.

నీది మంచివాడి మొహం. నమ్ముతుందిలే.