చూపించని ఇల్లు

మూడో అంతస్తు గుమ్మం. సగం తెరిచిన తలుపుకి అవతల ఇంటావిడ, ఇవతల ఇళ్ళ బ్రోకరు.

"మెల్లగా మాట్లాడు నాయనా, ఆయన ఇంట్లోనే ఉన్నారు."

"పదకొండింటికి రమ్మన్నది మీరే కదమ్మా!"

"రోజూ ఆ వేళకి నడకకి వెళ్తారు. ఇవాళ వెళ్ళలేదు. నేనేం చెయ్యను?"

"నిన్నా ఇదే మాట. అంతకుముందు తాళంచెవి కనబడలేదన్నారు. ఇల్లు చూపించకుండా అమ్మిపెట్టమంటే ఎలాగమ్మా? మూసిన తలుపు చూసి ఎవరైనా కొంటారా?"

"అరవకు."

"అరవట్లేదు, గొణుగుతున్నా. కింద కారులో భార్యాభర్తలిద్దరూ అరగంట నించీ కూర్చున్నారు. సాయంత్రం ఇంకో ఇల్లు చూస్తారట. అది నచ్చిందంటే ఇక ఇటు తొంగి కూడా చూడరు."

"ఒక్క పావుగంట ఆగమను."

"ఇందాకటి పావుగంటే ఇంకా అవలేదు! పోనీ, మొదటిసారిలా తెచ్చెయ్యనా? నేను చెదలమందు కొట్టేవాణ్ణి, వాళ్ళు నా మనుషులు."

"వద్దొద్దు. అప్పుడేమైంది? చెదలు చూడ్డానికొచ్చిన ఆవిడ, మా మంచం ఇక్కడ పడుతుందా అని గదంతా మూరలేసింది. ఆయన చూస్తూనే ఉన్నారు."

"సార్ ఏమన్నారు?"

"ఆవిడకి మంచినీళ్ళిచ్చారు."

"చెప్పెయ్యొచ్చు కదమ్మా. ఇల్లు మీ పేరునే ఉంది. సంతకం మీదే."

"చెప్తే ఆపరేషనే వద్దంటారు. ఇల్లమ్మి నన్ను బతికించకు అన్నారొకసారి. మళ్ళీ ఆ ఊసే ఎత్తనివ్వలేదు. డాక్టరేమో నెల తిరక్కుండా చేయించాలన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"ఎప్పుడా... అన్నాడులే."

"ఎప్పుడమ్మా?"

"నెల దాటింది."

"అయ్యో."

"అందుకే వాళ్ళని పోనివ్వకు. కాళ్ళూ గడ్డం పట్టుకునైనా ఆపు."

"ఆపుతా. మీరు ఆయన్ని ఏ కూరలకో పంపండి."

"కూరలు పొద్దున్నే తెచ్చేశారు. పాలు కూడా. అవి తెచ్చాక ఇక గుమ్మం దాటట్లేదు, రెండు రోజులుగా ఇంతే. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి వస్తారు, బట్టలారేస్తుంటే బాల్కనీలోకి వస్తారు. ఊరికే వచ్చి నిలబడతారు."

"కొత్త పెళ్ళికొడుకులాగా!"

"నవ్వకు. నా ప్రాణం మీదికొస్తుంటే నీకు నవ్వులాటగా ఉంది."

"తప్పేనమ్మా... ఉండండి, వాళ్ళ ఫోనే. హలో! ఆ సార్, ఆ, వచ్చేస్తున్నా. లేదు సార్, తలుపు తీసే ఉంది. సగం... అదే, తీసే ఉంది. రెండే నిమిషాలు సార్. సార్? ...అమ్మా, బండి స్టార్ట్ చేశారు."

"అయితే తీసుకొచ్చెయ్. నాతో చదువుకున్నావిడ అంటాను. ఏదో ఒకటి అంటాను. పరిగెత్తు!"

"ఎవరితోనోయ్ ఆ గుసగుసలు?"

"ఎవరూ లేరండి! ఈ అబ్బాయి... అదే, చెదల..."

"మనింట్లో చెదలు లేవు. ఆగు బాబూ, పరిగెత్తకు. నువ్వు ఇళ్ళు అమ్మిపెట్టేవాడివని నాకు తెలుసు."

"సార్, అమ్మగారి తప్పేం లేదు..."

"తప్పని ఎవరన్నారు? ఏమోయ్, ఇలా రా. ఆ గడియ వదిలెయ్, చెయ్యివ్వు. మొన్న నేనొక్కణ్ణే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను."

"ఒక్కరేనా? నాకు చెప్పకుండానా? ఏమన్నాడు?"

"ఇక కోసి లాభం లేదన్నాడు."

"కాదండీ... ఇల్లమ్మేస్తాగా, కింద వాళ్ళు ఉన్నారుగా, ఇప్పుడే..."

"బాబూ, వాళ్ళని వెళ్ళిపొమ్మని చెప్పు. ఈవిడ ఉండడానికి ఇల్లు కావాలి."