వాసన లేని సీస

ఆగాగు అంబదాసన్నా, సంచి అట్ల కింద పెట్టు. చాయ్ చెప్పిన గని, ముందుగాల గీ సీస సంగతి తేల్చు. పోయిన నెల అత్తరని నాకు అంటగట్టిందేంది, నీళ్లా? నీళ్లకన్న జర కుండ వాసనుంటది!

నవ్వకు. ఫజలుద్దీన్ సాబ్ పోయిండు, దుకాణంల ఆయన భార్య కూసున్నది, ఏమిచ్చినా నడుస్తదనుకున్నవా? ఇద్దత్ నాలుగు నెలల పది దినాలు అయ్యేదాక నేను గడప దాటలే, అత్తరు ముట్టలే. అయినంకనే తాళం తీసి కూసున్న. ఆయన పేరు చెడగొడితే ఊకుంటనా?

ఏందీ, గిది వుడ్ మస్క్ అత్తరా? ఆఁ, సీస మీద అదే ఉన్నది. జింక కస్తూరి గాదు, గంధపు చెక్క గాదు, ఫ్యాక్టరీల చేస్తరు, గని రెండిటి వాసనా వస్తదని నువ్వే చెప్తివి. రావాలె గద మరి! చేతికి రాసుకున్న, దూదికి అద్దుకున్న. మల్లె పట్టుకుంట, గులాబీ పట్టుకుంట, వట్టివేరు పట్టుకుంట. గిదొక్కటే ఉత్తది.

నీకొస్తుందా? ఎందుకు రాదు, కాకిపిల్ల కాకికి ముద్దు!

ఉండు, మిల్లుకు పోయే కమలవ్వను పిలుస్త. ఓ కమలవ్వా, జర ఇటు రా! గీ దూది వాసన చూడు. ఏమొస్తుంది? అప్పుడే కోసిన కట్టె లెక్కనా? మస్తున్నదా? అన్నా, ఆమెకేమన్న సైగ చేసినవా?

గీ ఒక్క వాసన కొందరి ముక్కుకు అందదా? గట్ల గూడ ఉంటదా? యా అల్లా! అత్తరు దుకాణం నాది, ముక్కేమో గీ సక్కదనం!

పోనీ తియ్, గిరాకికి వస్తే సాలు. అగో, మా బిడ్డ కాలేజ్ నుంచి వచ్చింది. లైబా, నువ్వు చూడే. ఏమొస్తుంది?

అరె, ఏమైంది బిడ్డా? ఏడుస్తవేంది?

విన్నవా అన్నా, ఏమంటుందో? "అబ్బాజాన్ వాసన" అంటుంది.

అంటే... జుమ్మా జుమ్మాకు ఆయన చెవుల పెట్టుకునే దూది, గిదేనా? నీ దగ్గరనే కొనేటోడా? ముందుగాల చెప్పకపోతివి!

నమాజుకు పోయే ముందట నా దిక్కు మెడ వంచి, "ఎట్లుంది బేగం?" అని అడుగుతుండె. "ఏముంది, ఉత్త నూనె రాసుకొని షోకులు" అని నేను నవ్వుతుంటి. ఆయన గూడ నవ్వుతుండె. ఇంకో సీస రాసుకోవచ్చు గద ఆ మనిషి! మీ సాబ్ పోతుంటే గల్లీ అంత గుమగుమ అని ఆడోళ్లంటే, మొఖం మీద పొగుడుతున్నరనుకున్న.

లైబా, ఇంట్లకు పో బిడ్డా, మొఖం కడుక్కో పో.

పోయిందా? అన్నా, నీకొక్క మాట చెప్త. ఆయన అంగి ఒకటి ఉతకకుండ పెట్టెల దాసుకున్న. రోజూ మొఖానికి పెట్టుకొని చూస్తుంటి. చెమట వాసన ఉన్నన్ని రోజులు ఉన్నది, పోయింది. ఇంకేం మిగల్లే అనుకొని నిన్న సబ్బునీళ్లల్ల నానేసిన. ఉతకొద్దని లైబా నా చెయ్యి పట్టుకొని ఒకటే లొల్లి. ఉత్త బట్టకు గింత ఏడుపేందే అని తిట్టిన గూడ.

సీస వాపస్ వద్దు, ఉండనియ్యి. అంగి ఇయ్యాల ఆరుతది, కాలర్‌కు జర రాసి ఆ పిల్లకిస్త.

నాకా? నాకు రాదు గద అన్నా. చాయ్ సల్లగయితుంది, తాగు.