పిల్ల పాలు తాగి ఎంతసేపైంది?

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూలై పన్నెండవ తేదీన మన పశువైద్య ప్రయోగశాలలో సహాయకురాలిగా అడుగుపెట్టి, ముప్పై రెండు సంవత్సరాల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ప్రధాన సాంకేతిక నిపుణురాలిని పేరు పెట్టి పిలిచేవారు ఈ భవనంలో అరుదు. అందరికీ వారు ‘పాలమ్మగారు’. ఆ పేరు వెనుక ఉన్నది సగం నవ్వు, సగం దుఃఖం. అభినందన సంచికలో దుఃఖమెందుకని సంపాదకవర్గం గొణిగింది గానీ, అది లేకుండా రాయడమంటే నాలుగు పొగడ్తలు గుప్పించి చేతులు దులుపుకోవడమే.

మొదటి పదకొండేళ్ళూ గాజు పలకలు కడగడంలో, రక్తపు నమూనాలు పరిశీలించడంలో గడిచాయి. రెండు వేల నాలుగులో, కుక్కలకు వంశపారంపర్యంగా సంక్రమించే కంటిజబ్బును జన్యుపరీక్షతో ముందుగానే పసిగట్టే విభాగం ఏర్పడినప్పుడు దాని బాధ్యత వారి భుజాన పడింది. లోపం తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే వస్తే ఆ పిల్ల కేవలం వాహకం, లోపాన్ని తన పిల్లలకు అందించగలదు గానీ దాని చూపుకు ఢోకా లేదు. ఇద్దరి నుంచీ వస్తే మూడు నాలుగేళ్ళకు చీకటే. ఏ కుక్కను దేనితో జత కట్టించాలో పెంపకందారులు మన నివేదిక చూసే నిర్ణయిస్తారు. దూది పుల్లతో పిల్ల బుగ్గ లోపల రుద్ది నమూనా పంపడమెలాగో తెలిపే సూచనల కాగితాన్ని పాలమ్మగారే స్వయంగా రాశారు.

రెండు వేల పదమూడులో ఒక దర్జీ ‘బొగ్గు’ అనే తన నల్ల కుక్కను చంకనెత్తుకుని వచ్చారు. కిందికి దింపగానే అది తిన్నగా వెళ్ళి బల్ల కోడుకు గుద్దుకుంది.

“ముప్పు లేదని రాశారు కదండీ. ఈ సంతకం మీదేనా?”

“నాదేనండి,” అన్నారు పాలమ్మగారు.

“మరి దీనికి కనబడట్లేదేంటండీ?”

మళ్ళీ పరీక్షిస్తే రెండు వైపులా లోపమే తేలింది. బొగ్గును అమ్మిన పెంపకందారుకు వెంటనే ఫోన్ చేశారు.

“అప్పుడు పుల్ల పెట్టే ముందు పిల్ల పాలు తాగిందా?”

“కడుపు నిండితే కదలకుండా పడుంటుందని నేనే తాగించానండీ. ఏం, తాగకూడదా?”

పాలతో వచ్చిన తల్లి కణాలు పిల్ల నోట్లో కలిసిపోయాయి. తల్లి వాహకం గనుక పిల్ల కూడా వాహకమేనని యంత్రం చెప్పింది. పాలు తాగిన వెంటనే నమూనా తీయరాదన్న ఒక్క వాక్యం ఆ సూచనల కాగితంలో లేదు. ఆ మధ్యాహ్నం వారు అన్నం డబ్బా తెరవలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నట్టే నిలబడి చాలాసేపు ఏడ్చారు.

పాలు మానని పిల్లల నుంచి తీసిన పాత నమూనాలు అరవై మూడు ఉన్నాయి. ఆ కుక్కలన్నిటి నుంచీ కొత్తగా నమూనాలు తీసి తిరిగి పరీక్షిస్తానంటే అప్పటి అధికారి ఇంతెత్తున లేచారు.

“మన పరువు మనమే బజారుకీడుస్తామా?”

“వాళ్ళు ఆ కాగితం నమ్మి జత కట్టిస్తారు సార్. మన పరువు కోసం ఎన్ని పిల్లల కళ్ళు పోగొడదాం?”

అనుమతి దొరికింది. ఇల్లిల్లూ తిరిగి, గడప గడపనా తిట్లు తిని, ఆరు నివేదికలు తప్పని వారే తేల్చారు. వాటిలో రెండు కుక్కలకు అప్పటికే చూపు పోయింది. పరీక్ష జబ్బును చూపిస్తుందే గాని నయం చేయదు కదా!

నాటి నుంచి ఏ నమూనా వచ్చినా ముందు ఫోన్ చేయడం వారికి నియమమైంది. ఒకసారి అంకె తారుమారై, ఆ ఫోన్ ఎవరింట్లోనో మోగింది.

“పిల్ల పాలు తాగి ఎంతసేపైందండీ?”

“ఇప్పుడే తాగి పడుకుందండీ. ఆసుపత్రి నుంచా?”

“అయ్యయ్యో! వెంటనే తల్లి దగ్గర్నుంచి తీసేసి వేరే గదిలో పెట్టండి. ఎత్తేటప్పుడు తోక జాగ్రత్త!”

“తోకేంటమ్మా! మా పిల్లకి తోకేంటి!”

గది గదంతా పగలబడి నవ్వింది. ‘పాలమ్మగారు’ అన్న బిరుదు ఆనాడే ఖాయమైంది. వారూ నవ్వారు, నవ్వుతూనే సరైన నంబరు వెతుక్కున్నారు.

ఆ అరవై మూడింటిలో అరవై రెండు ఇళ్ళు దొరికాయి. మిగిలిన ఒక్కరూ ఇల్లు మారిపోయారు, ఫోన్ పలకదు. పన్నెండేళ్ళుగా వెతుకుతున్నారు. మొన్న వీడ్కోలు ఏర్పాట్లు చూడవచ్చిన వారి అక్కగారు కసురుకున్నారు:

“ఇంక వదిలెయ్యవే. ఆ కుక్క ఎప్పుడో పోయుంటుంది.”

“పోయుంటుందక్కా. దాని పిల్లల పిల్లలుంటాయి. వాటిని పెంచేవాళ్ళు మన కాగితం చూసుకునే ధీమాగా ఉంటారు.”



వీడ్కోలు కానుకగా ఏం కావాలని సహోద్యోగులు అడిగితే, ఈ సంచికలో రెండు వాక్యాలకు చోటిమ్మన్నారు. అవి ఇవి: రెండు వేల పది మార్చిలో, ఎడమ చెవి కొన తెల్లగా ఉన్న గోధుమరంగు ఆడ కుక్కపిల్లకు ముప్పు లేదని మా నివేదిక అందుకున్నవారు దయచేసి దానిని నమ్మవద్దు. దాని సంతానం ఎక్కడున్నా మా వద్దకు తీసుకురండి, తప్పు నాది.

పాలమ్మగారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు, కంటినిండా నిద్ర కలగాలని, ఆ ఇంటివారు ఏనాడు ఫోన్ చేసినా ఎత్తి పలకడానికి వారే ఉండాలని ప్రయోగశాల సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నారు.