నాలుగు గీతల జంబో

ఏయ్ రవీ, ఆగాగు, ఆ ఫోను పట్టుకొని లోపలికి ఉరుకుతున్నవేంది? మీ అమ్మమ్మకు చూపిద్దామనా? ముందు గిట్ల ఈ సోమ్లా తాత పక్కన కూసో. కూసో అంటున్న గదా, మా కోడలు చాయ్ తెస్తది. ఏదీ, ఇటు తే. ఓహో, ఈ పసుపుపచ్చ గాలిమోటరు బొమ్మ మీద ఏలు పెడితే పేరొస్తదా? యాడికెళ్లి యాడికి పోతున్నదో గూడ చెప్తదా? బాగుందిరా! మీ తాత రూప్లా ఉంటే ఈ ఫోనును ముద్దన్నా పెట్టుకునేటోడు, లేకపోతే దీంతోటి కొట్లాడేటోడు. ఆయనకు ఇవేం లేకుండనే తెలిసేది. తింటున్నా సరే, బుక్క నోట్ల ఆపి చెవు ఇటేసి, "రెండింజన్లది, మద్రాసు పోతున్నది" అనేటోడు. బయటికి ఉరికి చూస్తే అవ్, రెండే. చనిపోయి పదమూడేండ్లాయె, ఇప్పటికీ మొగుల్ల చప్పుడైతే నాకు ఆయన గొంతే యాదికొస్తది.

మేమిద్దరం ఇల్లందు బొగ్గు బాయిల పనిచేసినం, నీకెరికే గదా. పొద్దటి డూటీకి దిగితే ఎనిమిది గంటలు నెత్తి మీద బండ తప్ప ఏం కనపడదు. మీదికి ఎక్కంగనే మేమంతా బీడీ ముట్టిస్తే మీ తాత తలకాయెత్తి నిలబడేటోడు, మెడ పట్టేసేదాకా. గట్ల మొదలైంది ఆయన పిచ్చి. నాకూ అంటించిండు, ఏం చేస్తం. డూటీ దిగి, తానం చేసి, బస్సెక్కి తండా కాడ దిగేటాళ్లకు నాలుగున్నర. బేస్తారం, అదే మీ గురువారం నాడైతే ఇంటికి గూడ పోయేటోళ్లం కాదు, సంచులు పట్టుకొని అట్లనే మోరీ మీద కూసునేది. సరిగ్గా నాలుగూ నలభైకి జంబో వచ్చేది. భద్రాచలం అడివి దిక్కు పొయ్యేది. నాలుగింజన్లు, ఎనకాల నాలుగు తెల్ల గీతలు, గొర్రు తోలినట్టు మొగులంతా. పిల్లగాండ్లు ఏ గాలిమోటరును చూసినా "జంబో, జంబో" అని ఎగిరేటోళ్లు. మీ తాతకు ఒళ్లు మండేది. "గీతలు లెక్కపెట్టుండ్రిరా! నాలుగుంటేనే జంబో! రెండున్నదాన్ని జంబో అన్నోడికి ఇయ్యాల బువ్వ లేదు!" బడి సారొకసారి దేన్నో చూసి జంబో అన్నడని ఆయనతోటి నెల దినాలు మాట్లాడలే. గంత ఖచ్చితం మనిషి. అబద్ధమాడి తిన్న కూడు అరగదనేటోడు గాలిమోటర్ల విషయంల.

ఒకసారి హైదరాబాదు గూడ పోయినంరో! హజ్‌కు పొయ్యేటోళ్ల కోసం జంబో దిగుతదని ఎవరో చెప్పిండ్రు. మీ అమ్మమ్మ తిట్టుకుంటనే జొన్నరొట్టెలు కట్టిచ్చింది. ఏర్‌పోర్టు గోడ బయట ఇద్దరం నిలబడ్డం ఎండల. పోలీసాయన వచ్చి, "ఏయ్, ఎవరయ్యా మీరు, ఎవరికోసం?" అన్నడు. మీ తాత అస్సలు జంకలే. "చుట్టాన్ని చూడొచ్చినం సార్, ఇప్పుడే దిగుతది" అన్నడు. ఆయన లిస్టుల పేరు రాసుకుంటున్నడు పాపం, పేరు ఏందంటే "జంబో" అన్నడు! అబ్బా, తంతడేమో అనుకున్న నేను. అంతల అది రానే వచ్చింది. గోడ మీదికెళ్లి గంత కిందికి, మా రుమాళ్లు ఎగిరిపోయినయ్. మీ తాత రెండు చేతులెత్తి దండం పెట్టిండు. పోలీసాయన గూడ నవ్వి మా రుమాళ్లు ఏరిచ్చిండు. ఆ ముచ్చట తండాల ఆర్నెల్లు చెప్పిండు, చెప్పినప్పుడల్లా జంబో ఇంకో జానెడు కిందికొచ్చేది.

ఇగ మీ అమ్మమ్మ సంగతి. హేమ్లి వదిన జంబోను సవతి అనేది. ఊకె అనలే. మీ అమ్మ పుష్ప పెండ్లి నాడు ఏమైందో చెప్పలేదా నీకు? చెప్పదు, ఎట్ల చెప్తది! పిల్లను పంపేటప్పుడు ఎద్దు మీద నిలబెడతం గదా మనం, ఆ పిల్ల ఏడ్చుకుంట ఢావ్లో పాడతది, పుట్టింటిని వదిలిపోయే పాట. మీ అమ్మకు ఆ పాట నేర్పింది మీ అమ్మమ్మే, తండాల ఆడపిల్లలందరికీ ఆమెనే నేర్పింది. పుష్ప పాడుకుంట, ఏడ్చుకుంట, వాళ్ల బాపు మెడ పట్టుకుందామని చేతులు చాపింది. ఆ రోజు బేస్తారం. టైము నాలుగూ నలభై. మీ తాత నోరు తెరిచి మీదికి చూస్తున్నడు! "నాలుగు!" అన్నడు గట్టిగ. మేళం ఆగిపోయింది. మొగ పెండ్లోళ్లు పడీ పడీ నవ్వుడే. పుష్ప గూడ ఏడుపు మధ్యల ఫక్కున నవ్వింది, మంచి పిల్ల. హేమ్లి వదిన మాత్రం నవ్వలే. "బిడ్డ పోతుంటే గీతలు లెక్కపెడుతున్నవా" అన్నది. గంతే. గప్పటిసంది చప్పుడైతే చాలు, కొంగు ముఖం మీదికి గుంజుకొని లోపలికి పొయ్యేది. తొమ్మిదేండ్లు తల ఎత్తలే రా!

అట్లుండంగ ఖమ్మం నుంచి జయప్రకాశ్ ఫోన్ చేసిండు. ఆయన ఫోటో స్టూడియో ఆయన, ఆయనకూ మా పిచ్చే, కంప్యూటర్ల చూసి చెప్పేటోడు. "రూప్లా గారూ, వచ్చే బేస్తారమే ఆఖరు. జంబో రిటైరు. ముక్కలు చేసి తుక్కుకేస్తరట" అన్నడు. మీ తాత రెండు రోజులు తినలే. మూడో రోజు నా తానకొచ్చి, "సోమ్లా, బాయిల మనోళ్లు రిటైరైతే దండేసి, శాలువ కప్పి పంపుతం. దానికెవరేస్తరు?" అన్నడు. గంత మీదికి దండ ఎట్ల ఏస్తవయ్యా అన్న. ఆలోచించిండు, ఆలోచించిండు. "ఢావ్లో పాడి పంపుదం" అన్నడు. నాకు నవ్వాలో ఏడవాలో తెల్వలే. పాడాలంటే హేమ్లి వదినే పాడాలె! సవతికి పాటనా? పొయ్యి కాడ కూసొని అడిగిండు, పిల్లిలెక్క. నేను గడప బయట నిలబడ్డ, కర్రో గిన్నెనో ఎగిరొస్తదని. వదిన పొయ్యిల కట్టెలు ఎగదోసింది. ఆఖరికి, "పాడత. కానీ నేను పాడినంతసేపు నువ్వు తల ఎత్తొద్దు. నా ముఖం చూడాలె. నా బిడ్డ ముఖం గప్పుడు చూడలే గదా" అన్నది. మీ తాత ముఖం చూడాలె నువ్వు! దాన్ని ఆఖరుసారి చూడాలనే గదా ఇదంతా. అయినా "సరే" అన్నడు.

బేస్తారం నాడు తండాకు తండా గుట్ట ఎక్కింది. డప్పులు, రేకు డబ్బాలు, జాతరే జాతర! పుష్పను గూడ పిలిపిచ్చిండు. నువ్వు రాలే, పరీక్షలన్నరు. నాలుగూ నలభై అయింది, రాలే. అయిదైంది, రాలే. జనం మొదలుపెట్టిండ్రు: "రూప్లా మామా, పెండ్లికూతురు అలిగిందా?" ఆయనకు చెమటలు. గప్పుడు చెవు ఇటేసిండు. "వస్తున్నది" అన్నడు. వదిన పాట ఎత్తుకున్నది. అబ్బ, ఏం గొంతురా! జనమంతా మీదికి చూస్తున్నరు, మీ తాత ఒక్కడే ఆమె ముఖం చూస్తున్నడు. దవడలు బిగబట్టిండు, కండ్లెంట నీళ్లు కారుతున్నయ్, తల మాత్రం ఎత్తలే. పుష్ప వచ్చి బాపు చెయ్యి పట్టుకున్నది. చప్పుడు మా నెత్తి మీదికొచ్చింది, దాటింది. పాట సగంల వదిన ఆగింది. ఆయన గదువ కింద చెయ్యి పెట్టి, తలకాయ తనే మీదికెత్తింది. "చూడు, ముసలోడా, పోతున్నది" అన్నది. ఆమె గూడ చూసింది, తొమ్మిదేండ్లకు. "గింత తెల్లగుంటదా?" అన్నది. ఆయన "నాలుగు" అన్నడు, ఈసారి మెల్లగ.

ఆగు, అయిపోలే. మళ్ల బేస్తారం మేం కల్లంల మిర్చి ఆరబోస్తున్నం. వదిన ఉరికొస్తున్నది, చెప్పులు లేకుండ, "వచ్చింది! మర్లొచ్చింది! జంబో!" అనుకుంట. నేను తలెత్తి చూసిన. రెండు గీతలు. జంబో జాగల కొత్తది పెట్టిండ్రన్నమాట. అయిపోయింది, ఇయ్యాల వదినకు బువ్వ లేదనుకున్న. మీ తాత గూడ చూసిండు. తర్వాత ఆమె ముఖం చూసిండు. "అవ్, అదే. జంబోనే. పంపిన పిల్ల పుట్టింటికి రాదా ఏంది?" అన్నడు. నా చేతిలకెళ్లి చాట జారిపడ్డది. ఆయన బతికిన మూడేండ్లు ప్రతి బేస్తారం ఇద్దరూ అరుగు మీద కూసునేటోళ్లు, ఆమె జంబో అనుడు, ఆయన అవ్ అనుడు. తండాల పోరలందరికీ గీతలు లెక్కపెట్టుడు నేర్పినోడు, ఆమెకొక్కతికి నేర్పలే.

టైమెంత? నాలుగూ ముప్పై అయిదా? మరి ఇయ్యాల వారమేంది రా? ఆ, గందుకే ఉరుకుతుంటే ఆపిన. ఆ ఫోను జేబుల పెట్టు. ఇంకా లోపలికి పెట్టు. అదిగో, కుర్చీ గుంజుకుంట వస్తున్నది, పోయి పట్టుకో... రా వదినా, రా, నీ మనుమడు గూడ ఉన్నడు. చప్పుడా? అవ్, ఇన్న. అవ్ వదినా, అదే. జంబోనే. అడుగు, నీ మనుమణ్ణే అడుగు. చెప్పురా రవీ.