తరగతులకూ తలుపులకూ మధ్య ఒక వారం

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం, మేమందరం ‘కిటికీ అక్కయ్యగారు’ అని పిలుచుకునే మా పెద్ద సహోద్యోగిని ఈ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సందేహాలు తీర్చే విచారణ విభాగంలో చేరారు. ఆ ఏడు తరగతులు ప్రారంభమైనదీ ఆ రోజే. వారు అద్దం వెనక కుర్చీ సర్దుకొని కూర్చోకముందే మొదటి ప్రశ్న వచ్చి నిలబడింది. భుజాన పరుపుచుట్ట, చేతిలో పెట్టె, ముఖాన ప్రయాణపు బడలిక. “అక్కా, క్లాసులేమో ఇవాళే అన్నారు. హాస్టలేమో వచ్చే సోమవారం తెరుస్తారట. అప్పటిదాకా నేనెక్కడుండాలి?”

అక్కయ్యగారికి తెలియలేదు. పక్క కుర్చీలోని పెద్ద గుమాస్తాగారిని అడిగారు. “మన పని తేదీలు చెప్పడమమ్మా, పక్కలు వేయడం కాదు” అన్నారాయన, తలెత్తకుండానే. అక్కయ్యగారికి ఈ ప్రాంగణంలో మొదటిసారి కోపం వచ్చినది అప్పుడేనని వారే పలుమార్లు చెప్పారు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గవలసిన అవసరాన్ని ఈ సంస్థ కల్పించనూ లేదు.

పదవీవిరమణ సంచికకు రాసిన అభినందన వ్యాసం ఇంత కటువుగా మొదలైనందుకు సభామర్యాద తెలిసిన పెద్దలు నొచ్చుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నను పక్కనపెట్టి వారి ఉద్యోగజీవితాన్ని కీర్తించడమంటే, నది ఊసెత్తకుండా వంతెనను వర్ణించడమే అవుతుంది.

ఈ సంచికను చదివే కుటుంబసభ్యుల కోసం సంగతి వివరిస్తాను. తరగతులు మొదలయ్యే తేదీని విద్యావిభాగం నిర్ణయిస్తుంది. వసతిగృహాలు తెరిచే తేదీని వసతివిభాగం నిర్ణయిస్తుంది. రెండు విభాగాలూ పై అంతస్తులో ఒకే వరండాకు అటూ ఇటూ ఉన్నాయి. ఒకరి తలుపు తెరిస్తే మరొకరి బల్ల కనబడుతుంది. అయినా ఆ రెండు తేదీల మధ్య ఏటేటా ఒక వారం ఎడం. ఎందుకని అడిగితే, సెలవుల్లో గదులకు వేసిన రంగు ఆరాలంటారు. ఇన్నేళ్లలో ఉపకులపతులు మారారు, కొత్త భవనాలు లేచాయి, బల్లల మీదికి కంప్యూటర్లు వచ్చాయి. ఆ రంగు మాత్రం ఆరలేదు.

తొలి సంవత్సరాల్లో అక్కయ్యగారు కిటికీకి అటువైపునుంచి వచ్చే ప్రతి ప్రశ్ననూ గౌరవించడం అలవరచుకున్నారు. రసాయనశాస్త్రపు తరగతి ఏ భవనంలో, ఐచ్ఛిక పాఠ్యాంశం మార్చుకోవడానికి గడువెప్పుడు, గ్రంథాలయం ఆదివారం తెరుస్తారా, ఈతకొలనుకు వెళ్లాలంటే ఎవరి సంతకం కావాలి — ఏది అడిగినా ‘రేపు రండి’ అన్న మాట వారి నోట వినబడలేదు. “మా గదిలో ఒకడు గురక పెడుతున్నాడక్కా, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి?” అని ఒక విద్యార్థి అడిగితే, “ముందు వాడికి చెప్పావా?” అన్నారట. “లేదక్కా, వాడు బాధపడతాడేమో.” “మరి నాకు చెబితే నేనొచ్చి వాడి పక్కన పడుకోవాలా నాయనా? వెళ్లి వాడికే చెప్పు.” ఆ ఇద్దరూ అటుపిమ్మట ప్రాణస్నేహితులయ్యారని విన్నాను.

ఏటా ఆ వారం రాగానే హాస్యం ఆగిపోయేది. కిటికీ వెనక విరిగిన బల్లలు పడేసిన గదిని స్వయంగా ఖాళీ చేయించి, విద్యార్థుల పెట్టెలకు చోటిచ్చారు. పెట్టెలకైతే గది దొరికింది, మనుషులకు దొరకలేదు. అందుచేత ఏటా ముగ్గురు నలుగురు అమ్మాయిలను తమ ఇంటికే తీసుకువెళ్లేవారు. “అమ్మా, నా గదిని యూనివర్సిటీకి ఎప్పుడు రాసిచ్చేశావు? నాకో మాట చెప్పొద్దా?” అని వారి కుమార్తె దెప్పేదట. బస్సు డ్రైవరుగా పనిచేసిన వారి భర్తగారు, “నా బస్సులో నయం, నిలబడేవాళ్లు దిగిపోతారు” అంటూనే తమ దిండు తీసుకుని వసారాలోకి నడిచేవారట.

ఈ ఘట్టాన్ని మన సభల్లో వక్తలందరూ నవ్వుతూ చెప్పుకుంటారు, ‘సేవాభావం’ అంటారు, ‘మాతృహృదయం’ అంటారు. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఒక ఉద్యోగిని ఇల్లు విశ్వవిద్యాలయానికి వసతిగృహం కాదు. ఒక డ్రైవరుగారి నిద్ర వసతివిభాగపు వనరు కాదు. మన నిర్లక్ష్యాన్ని ఆమె మంచితనమని పిలుచుకుంటూ ఇన్నేళ్లు హాయిగా బతికాం. ఆ మంచితనానికి చోటు చాలక వెనుదిరిగిన పిల్లలు బస్టాండుల్లో కూర్చున్నారు, కొందరు చదువే మానుకుని వెళ్లిపోయారు.

వారి స్వభావం తెలియాలంటే ఒక్క సంఘటన చాలు. ఒక ఏడాది, కొడుకును దిగబెట్టడానికి వచ్చిన ఒక తల్లి, దర్జీపని చేసుకునే మనిషి, రంగు ఆరలేదని హాస్టల్ మూసి ఉంచారని తెలిసి కిటికీ దగ్గర విరుచుకుపడింది. “పిల్లలంటే మొక్కలనుకున్నారా, ఎక్కడ నాటితే అక్కడ నిలబడడానికి? ఫీజు కట్టించుకున్నప్పుడు లేని రంగు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? సిగ్గుండాలి!” అక్కయ్యగారు అంతా విని, “ప్రతి ముక్కా నిజమేనమ్మా. కానీ వినవలసిన చెవులు ఇవి కావు. నాతో రండి” అని, ఆమెను మేడమీద వసతివిభాగపు అధికారి గదిలోకి నడిపించారు. ఆ చల్లని గదిలో, ఆ పెద్ద బల్ల ముందు ఆ తల్లి గొంతు తగ్గింది. “అయ్యగారూ, మా అబ్బాయి...”

“అలా కాదమ్మా” అన్నారు అక్కయ్యగారు మెల్లగా. “కింద మొక్కలతో మొదలుపెట్టారు.”

ఆమె ఊపిరి పీల్చుకుని మొక్కలతోనే మొదలుపెట్టింది. ముగించాక అక్కయ్యగారు, “ఒకటి మరిచిపోయారు. సిగ్గు సంగతి” అన్నారు. “ఆఁ, అదీ!” అందామె అధికారివైపు వేలు చూపి.

ఆ సాయంత్రమే ఒక భవనం తెరిచారు. పిల్లలు సామాన్లు చేరవేసుకున్నారు. మర్నాడు ఒక్కరి చొక్కాకూ రంగు అంటలేదు. అక్కయ్యగారికి మాత్రం సందర్శకులను రెచ్చగొట్టినందుకు సంజాయిషీ కోరుతూ తాఖీదు అందింది. “కోపం వారిదే, నేను దారి చూపాను. దారి చూపడమే విచారణ విభాగపు విధి” అని వారు సమాధానమిచ్చారు. ఆ సమాధానానికి ప్రతిఫలంగా రెండుమార్లు పదోన్నతి వారిని దాటి పక్క కుర్చీకి వెళ్లింది. మరుసటి ఏడాది ఆ వారం యథాతథంగా తిరిగివచ్చింది.

గత మాసంలో ఈ వీడ్కోలు సభ ఏర్పాట్ల గురించి మాట్లాడడానికి రిజిస్ట్రారుగారు వారిని పిలిపించినప్పుడు నేనూ అక్కడ ఉన్నాను.

“జ్ఞాపికగా ఏం కావాలో మొహమాటపడకుండా చెప్పండి అక్కయ్యగారూ. గోడగడియారమా? వెండి పళ్లెమా?”

“తేదీ కావాలండి.”

“సభ తేదీ ఖాయమైందిగా!”

“సభది కాదు. క్లాసులు మొదలయ్యే రోజునే హాస్టల్ తలుపులు తెరిచే తేదీ.”

ఆయన నవ్వారు. “వెళ్లేముందు కూడా కోపమేనా?”

“కోపానికి రిటైర్మెంటు లేదు సార్. పింఛనూ లేదు.”

పరిశీలిస్తామన్నారు. మొన్న కొత్త విద్యాసంవత్సరపు ప్రకటన వెలువడింది. తరగతులు ఒక సోమవారం, వసతిగృహాలు ఆ తరువాతి సోమవారం. గోడగడియారం కొన్నారు.

ప్రకటన చూసిన రోజు అక్కయ్యగారు తమ కుర్చీ నాకు అప్పగిస్తూ చెప్పిన మాటలు ఇవి: “మొదటి సోమవారం నేనూ వస్తాను. కిటికీకి బయట, వరసలో అందరికంటే ముందు నిలబడతాను. నన్ను చూసి అక్కయ్యా అని లేవకు. నేనడిగినదానికి జవాబు చెప్పు, అంతే.”

ఏమి అడుగుతారో నాకు తెలుసు. ఈ సంచికను తిరగేస్తున్న పై అంతస్తు పెద్దలకూ తెలుసు. ఆ సోమవారానికి ఇంకా వ్యవధి ఉంది. వరండాకు అటునుంచి ఇటు దాటడానికి అది చాలదంటే ఎవరూ నమ్మరు. జవాబును నా చేతికివ్వండి, సంతోషంగా చదివి వినిపిస్తాను. ఇవ్వకపోతే ఆ రోజు నేను కిటికీ మూసేస్తాను. మూసి, బయటికి వచ్చి, అక్కయ్యగారి వెనక నిలబడతాను. అక్కణ్ణుంచి ఆ వరస మేడ మెట్లెక్కుతుంది.

అక్కయ్యగారూ, ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. మీ మోకాళ్లకు బలం కలగాలి. మీ గొంతు వరండా చివరిదాకా ఖంగున వినబడాలి. ఒక ఏడాదితో పని కాకపోతే మరుసటి ఏడు, ఆపై ఏడు వచ్చి ముందు నిలబడేటంత నిండు ఆయుష్షు, నిండు ఆరోగ్యం మీకూ, మీ కోసం వసారాలో నిద్రించిన మీవారికీ లభించాలని, మీ కోపం ఒక్క పిసరైనా తరగకూడదని, మీ వెనక నిలబడబోయేవాడిగా మనసారా కోరుకుంటున్నాను.